విమానం పోయాక శ్రుతి

మంజులక్కా,

శనివారం భజనకు వస్తున్నావని బాపు చెప్పాడు. రా, కానీ అందరి ముందు "శ్రుతి తగ్గిందేంది?" అని మాత్రం అడగకు. నీ చెవికి ఇట్టే దొరికిపోతుంది.

గొంతు ఆపరేషన్ తర్వాత బాపుకు పాత శ్రుతి అందడం లేదు. అందనివాళ్లు పాట ఎత్తడం ఇంకొకరికి అప్పజెప్పాలన్నది మన మండలి కట్టుబాటు. కీబోర్డు వాయించేది నేనే కదా, బటన్‌తో శ్రుతి తగ్గిద్దామంటే దాని తెర మీద అంకె మారుతుంది, పక్కనే కూర్చునే బాపు చూస్తాడు. అందుకే పాటలన్నీ ఒక మెట్టు కింద, వేరే కార్డ్స్‌తో, అంటే కలిపి నొక్కే స్వరాలు మార్చి, రోజూ పొద్దున్నే సాధన చేస్తున్నాను. పాట పైకి వెళ్లే చోట మూడు స్వరాల కార్డ్ వేస్తే బాపు గొంతు మునిగిపోతోంది. అక్కడ రెండే నొక్కుతున్నాను.

ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్న మన పాల్మాకులలో, నెత్తి మీద విమానం పోయేదాకా పాట ఆపుతాం కదా. ఆ మోత తగ్గాక కింది శ్రుతిలో మొదలుపెడతాను. అప్పటికి పాత శ్రుతి ఎవరి చెవిలోనూ ఉండదు. బాపు కూడా గమనించలేదనే అనుకున్నాను.

మొన్న అట్లాగే విమానం పోయింది, నేను కార్డ్ పట్టాను. బాపు పాట ఎత్తుకోలేదు. నా వైపు వంగి మెల్లగా అన్నాడు: "జర ఆగు బిడ్డా. ఇంకో విమానం పోనియ్. ఇంకో మెట్టు దిగుదాం."

నీ చెల్లె