సోమవారం, ఒంటిగంటన్నర తర్వాత

మార్చి 5, బుధవారం

ఆనకట్ట నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి సూపర్‌వైజర్ చేతిరాత. మా స్పెక్ట్రం వేలం ప్రకటన పేపర్లో చూశాడట. మీరు మొబైల్ ఇంటర్నెట్‌కి అమ్ముతున్న బ్యాండ్‌లోనే మా సైరన్‌కి రేడియో సిగ్నల్ వెళ్తోంది అని రాశాడు. గేట్లు ఎత్తే ముందు దిగువనున్న పదకొండు ఊళ్లకి దానితోనే చెబుతారు. సోమవారం మూడింటికి ఒకసారి మోగించి చూస్తారు. మిగతా వారమంతా పలకదు. లైసెన్సు ఇరవై రెండేళ్ల కిందటిది. రెన్యూ చేయించాలని వాళ్లకి తెలియదు. మా రిజిస్టర్లో లేదు.

అదే బ్యాండ్‌లో టవర్లు మొదలైతే ఆ సైరన్‌కి చెవుడొస్తుంది.

వేలం ఈ నెల ఇరవయ్యో తేదీ. ఆ బ్యాండ్ ఖాళీ అని కొలిచి సంతకం పెట్టింది నేను.

అదే రోజు, సాయంత్రం 5

కొలత షీటు తీయించి చూశాను. జనవరి 20. సోమవారమే.

ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకో గడి. పన్నెండు గళ్లలోనూ 'సిగ్నల్ లేదు'.

ఆ రోజు ఒంటిగంటన్నరకి యాంటెనా దించేశాం. కొలత వ్యాన్‌లోనే డ్రైవర్ నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వెళ్లేసరికి నా భార్య పోయి ఇరవై నిమిషాలయింది. మిగిలిన గళ్లు పదిహేను రోజుల తర్వాత ఆఫీసులో కూర్చుని నింపాను. పొద్దున్నంతా ఏమీ లేదు కదా, మధ్యాహ్నం మాత్రం ఏముంటుంది అనుకున్నాను. నిజానికి ఏమీ అనుకోలేదు. చేతిలో పెన్నుంది, నింపాను.

కొలత ఎప్పుడాగిందో మెషీన్ ఫైల్‌లో ఉంటుంది, కానీ దాన్ని ఎవరూ తెరవరు. అందరూ చూసేది సంతకమే.

మార్చి 6, గురువారం

ఎవరికీ చెప్పలేదు. టిఫిన్ బాక్సు మూత తీయకుండానే ఇంటికి తెచ్చాను.

మార్చి 7, శుక్రవారం

డైరెక్టర్‌కి చెప్పాను. కాలేజీలో ఇద్దరిదీ ఒకే బెంచి. తలుపు తీసి ఉంటే ఆయన, తలుపేస్తే వాడు. ఇవాళ లేచి తనే తలుపేశాడు.

ఈ బ్యాండ్ కొండలు దాటి వెళ్తుందని నాకే పాఠం చెప్పాడు. ఇంతవరకు సిగ్నల్ ముఖం చూడని బడులు నాలుగు వందలున్నాయి. వేలం ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి కూడా పడితే కంపెనీలు ఇటు తొంగిచూడవు. అన్నీ నిజాలే. ఇవన్నీ చెప్పి వేలం పెట్టాలన్న నోట్ రాసింది నేనే.

ముందు వేలం కానివ్వు, సైరన్ సంగతి తర్వాత చూద్దామన్నాడు. తర్వాత అంటే ఎప్పుడని అడిగాను. ఫైలు మూసి పక్కన పెట్టాడు. జూన్‌లో వానలు.

అంతగా పట్టుబడితే ఇంకో దారుందన్నాడు. ఒంటిగంటన్నరకి వ్యాన్ పాడైందని, ఆ సంగతి డ్రైవర్ దాచాడని రాయిద్దామట.

"నీ మీద పడితే ఉద్యోగం పోతుందిరా. అతని మీద పడితే ఒక మెమో."

మార్చి 8, శనివారం

డ్రైవర్ ఇంటికి వచ్చాడు. ఆఫీసు నుంచి ఫోన్ వెళ్లినట్టుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"రాసేద్దాం సార్. పాడైందని రాస్తే బండేమీ నొచ్చుకోదు."

లాగ్‌బుక్‌లో మాత్రం ఆ రోజు ఆస్పత్రి అని, యాభై నాలుగు కిలోమీటర్లని తను రాసుకున్నాడట. దాన్ని కొట్టేస్తానన్నాడు. రిటైర్మెంట్‌కి ఇంకా ఎనిమిది నెలలుంది అతనికి. ఆ యాభై నాలుగు కిలోమీటర్లూ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

టీ పెట్టాను. పంచదార వేయడం మరిచిపోయాను. తాగి, బాగుందని చెప్పి వెళ్లాడు.

మార్చి 9, ఆదివారం

జరిగింది ఒప్పుకుంటూ ఆఫీసుకి ఉత్తరం రాస్తూంటే మా అమ్మాయి వచ్చింది. జనవరి నుంచి మా ఇద్దరి మధ్య మాటలంటే గ్యాసు, పాలు, తాళంచెవి. కాగితం తీసుకుని నిలబడే చదివింది.

"'కబురు అందగానే ఒంటిగంటన్నరకి బయల్దేరాను' అని రాశావు. మరి పదకొండింటికి నేను చేసిన ఫోన్ ఎవరు తీశారు నాన్నా?"

నేనే తీశాను. అమ్మ నిన్ను అడుగుతోంది అని చెప్పింది. కొలత మధ్యలో వదలకూడదు, ఆరింటికి అయిపోతుంది, వచ్చేస్తానని అన్నాను.

కొలతా పూర్తి చేయలేదు. ఆమె దగ్గరికీ చేరలేదు. రెండు చోట్లా సగమే ఉన్నాను.

అమ్మాయి కాగితం బల్ల మీద పెట్టింది. ఆరిన బట్టలు తెచ్చి నా ఎదురుగానే కూర్చుని మడతపెట్టింది. చాలాసేపు.

మార్చి 10, సోమవారం

ఉత్తరం మళ్లీ రాశాను. పదకొండింటికి ఫోన్ వచ్చింది, వెళ్లలేదు. ఒంటిగంటన్నరకి మళ్లీ వచ్చింది, వెళ్లాను. ఆ తర్వాత కొలత లేదు. షీటులో మిగతాది నేను కల్పించింది. డ్రైవర్‌కి ఇందులో ఏ సంబంధమూ లేదు.

డైరెక్టర్ రాకముందే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ముద్ర వేయించాను.

మార్చి 12, బుధవారం

డైరెక్టర్ పిలిచాడు. తలుపు వేయలేదు. నన్ను 'మీరు' అన్నాడు.

ఆ బ్యాండ్‌ని వేలం నుంచి తీసేశారు. సోమవారం మళ్లీ కొలుస్తారు. సైరన్‌ని వేరే చానల్‌కి మార్చాకే అమ్మకం. ఏడాదైనా పడుతుంది. నా మీద విచారణ.

నాలుగు వందల బడులకి ఇంకో ఏడాది. అది కూడా నేను చేసిందే.

మార్చి 17, సోమవారం

కొలత జూనియర్ ఇంజనీరుది, సంతకం ఆమెది. నేను వ్యాన్‌లో వెనక సీట్లో కూర్చున్నాను. ఎందుకొచ్చానని డ్రైవర్ అడగలేదు.

మూడింటికి సైరన్ మోగింది. ఏటి ఒడ్డున బట్టలుతుకుతున్నావిడ తల కూడా ఎత్తలేదు.

సిగ్నల్ దొరికింది కదా, ఇక వెళ్దామా అంది జూనియర్.

ఆరు దాకా ఉందామన్నాను.