వెనక్కి నడిచే ఏరు

అక్కా,

క్షేమంగా చేరాం. ఈ ఒక్క ముక్కా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పొచ్చు, కానీ మిగతా ముక్కలు ఫోన్లో చెప్పేవి కావు. ఈ లాడ్జీలో గదికీ గదికీ మధ్య పలచటి చెక్క గోడ. పక్క గదిలో పెద్దమనిషి ఆవులిస్తే నాకు నిద్రొస్తోంది. పైగా మా ఆయన ఎప్పుడూ నాకు రెండు గజాల దూరంలోనే ఉంటారు, నేనే ఉండేలా చూసుకుంటున్నాను. ఇప్పుడు కింద వరండాలో కూర్చుని ఏటిని చూస్తున్నారు. ఆయన బట్టతల కనబడేలా బల్లను కిటికీ దగ్గరికి జరుపుకుని రాస్తున్నాను.

సముద్రం చూడ్డానికని బయల్దేరి అడవిలో ఏటి ఒడ్డున దిగడమేమిటే అని నువ్వు అడగకముందే నిజం చెప్పేస్తాను. సముద్రం పక్కన గదులన్నీ నిండిపోయాయని ఆయనతో అబద్ధం చెప్పాను. అసలు నేను ఎవరికీ ఫోనే చెయ్యలేదు. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు కదా, అందుకని ఈ ఊరి పేరు వెతికి పట్టుకున్నాను. సముద్రానికి బస్సులో గంట దూరం, గోలలేని ఊరు, ఇక్కడ మకాం పెడితే పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చెయ్యొచ్చు అని ఏకరువు పెట్టాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, సరే అక్కడే ఉందాం అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు సంతోషించాల్సింది పోయి భయపడ్డాను.

ఆ అబద్ధం ఎందుకు ఆడానో నీకు కొంత తెలుసు. ఆయన పనిచేసే కాలువ లాకు దగ్గర నీళ్లు వదిలే తలుపు ఎత్తే ముందు పైనున్న మనిషి మూడుసార్లు ఈల వెయ్యాలి. కింద ఆ తలుపు జారే గాడికి గ్రీజు పూసే మనిషి మెట్లెక్కి బయటికొచ్చి తిరుగు ఈల వెయ్యాలి. అది వినబడ్డాకే చక్రం తిప్పాలి. ఇరవై ఆరేళ్లు ఆయన అలాగే తిప్పారు. ఎనిమిది నెలల క్రితం ఒక పొద్దున తలుపు లేచింది గానీ కిందున్న మనిషి పైకి రాలేదు. అందరూ గ్రీజు అని పిలిచే ఆ మనిషి వారంలో నాలుగు రోజులు మా ఇంట్లో అన్నం తిన్నవాడు, ఆయనకు తమ్ముడి కంటే ఎక్కువ. తిరుగు ఈల వినబడిందని ఆయన విచారణలో చెప్పారు. పై అధికారులు నమ్మారు, ప్రమాదమని రాసి ఫైలు మూసేశారు. ఆయన నోరు కూడా ఆ రోజే మూతబడింది.

పోయిన నెల ఉన్నట్టుండి గ్యాసు బండ ఎలా మార్చాలో నాకు నేర్పించారు. బీమా కాగితాలు ఏ అరలో ఉన్నాయో చూపించారు. చివర్లో, ఒకసారి సముద్రం చూడాలనుంది, ఒక్కణ్ణే వెళ్లొస్తా అన్నారు. నువ్వు ఆసుపత్రిలో వార్డు నడిపిన మనిషివి. ఆ మాట నీకు చెప్పాను. నువ్వు ఒక్కటే అన్నావు, ఒంటరిగా వదలకే అని. వద్దంటే చెప్పకుండా వెళ్లిపోతారేమోనని నేనూ వస్తానన్నాను.

సముద్రం అంటే నాకు దిక్కూ మొక్కూ తెలియదు. ఏరంటే తెలుసు. ఇరవై రెండేళ్లు కాలువ గట్టు మీద కాపురం చేశాను. చెంబు జారినా చెప్పు జారినా కింది వంతెన దగ్గరికి పరుగెత్తి నిలబడితే దొరుకుతుంది. వచ్చిన రోజే వెళ్లి ఇక్కడి కింది వంతెన ఎక్కడుందో చూసుకున్నాను. నవ్వకు.

నీ చెల్లి

*

అక్కా,

ఐదు రోజులైంది. ఊరు మంచి ఊరే. ఒకటే వీధి, ఒక మందుల షాపు, మూతబడ్డ కలప మిల్లు, ఆ వెనక అడవి. పొద్దున పది దాకా ఏటి మీద మంచు కదలదు. చూడ్డానికి వచ్చిన వాళ్లయితే ఎంత బాగుందో అనుకుంటారు. నేను మాత్రం కళ్లలో వత్తులేసుకుని ఆయన్ను చూస్తున్నాను.

రోజూ టిఫిన్ దగ్గర సముద్రానికి బస్సెప్పుడని ఆయన అడుగుతారు. మొదటి రోజు నాకు తలనొప్పి. రెండో రోజు కడుపులో బాలేదు. మూడో రోజు వాన వచ్చేలా ఉందన్నాను, మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేసింది. ఆయన ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఇరవై రెండేళ్లలో టీలో చక్కెర తగ్గితే ఊరుకోని మనిషి ఇప్పుడు దేనికైనా తల ఊపుతున్నారు.

కుట్టు మిషనుకు వాడే చిన్న స్క్రూడ్రైవరు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది కదా, దాంతో స్నానాల గది లోపలి గడియ ఊడదీశాను. లాడ్జీ పెద్దావిడ చూసి గడియ ఏమైందమ్మా అని అడిగింది. తుప్పు పట్టి ఊడిపోయిందన్నాను. అప్పుడు ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు. తేలు కుట్టిన దొంగలా మెట్లెక్కి వచ్చేశాను.

లాడ్జీ రేవులో ఒక చిన్న పడవ కట్టి ఉంటుంది. బస చేసినవాళ్లు వాడుకోవచ్చట. నిన్నటి నుంచి ఆయన కుర్చీ ఆ పడవ వైపు తిరిగింది. అక్కా, ఒక్క పూట కంటినిండా నిద్రపోవాలనుంది. పోలేను.

నీ చెల్లి

*

అక్కా,

నిద్రపోయాను. నిన్న మధ్యాహ్నం అన్నం తిని, ఒక్క నిమిషం అని తల వాల్చాను. లేచేసరికి మూడున్నర. వరండాలో కుర్చీ ఖాళీ. రేవులో పడవ లేదు. తాడు తెగలేదు, శుభ్రంగా విప్పి చుట్టి మేకుకు తగిలించి ఉంది. లాకు దగ్గర తాళ్లన్నీ ఆయన అలాగే చుట్టి పెడతారు.

చెప్పులు కూడా వేసుకోలేదు. ఏటి గట్టు పట్టుకుని కిందికి పరుగెత్తాను. దారంతా వేర్లు, బురద. రెండు సార్లు పడ్డాను. వంతెన మీదికి చేరి కమ్మీ పట్టుకుని పై నుంచి ఏదో ఒకటి కొట్టుకొస్తుందని చూస్తూ నిలబడ్డాను. పడవ వస్తుందా, ఖాళీ పడవ వస్తుందా, ఇంకేదైనా వస్తుందా. ఏమీ రాలేదు. అప్పటికే దాటిపోయి సముద్రంలో కలిశారేమో అనిపించింది. అక్కా, ఆ వంతెన మీద నేను విధవనైపోయాను. బొంకను, అలాగే అనుకున్నాను.

వంతెన కింద పీతలు పట్టే ఆమె బుట్ట కడుక్కుంటోంది. నా వాలకం చూసి ఏమైందని అడిగింది. పడవ, మా ఆయన అన్నాను. ఆమె నిదానంగా చెప్పింది.

"ఇటెందుకు చూస్తున్నావమ్మా? పోటు మొదలై గంటన్నరయింది. నీళ్లు పైకి పోతున్నాయి."

నాకు అర్థం కాలేదు. ఏటి వైపు చెయ్యి చూపించింది. ఎండుటాకులు, నురగ, ఒక ప్లాస్టిక్ సీసా, అన్నీ నా కాళ్ల కింద నుంచి అడవి వైపు వెళ్తున్నాయి. ఏరు వెనక్కి నడుస్తోంది. ఈ ఊళ్లో రోజుకు రెండుసార్లు సముద్రం ఏటిని లోపలికి నెడుతుందట, పసిపిల్లలకు కూడా తెలుసట. కాలువ గట్టు మీద బతికిన నాకు తెలియదు. అరగంట పాటు ఆయనకు వీపు పెట్టి పరుగెత్తానన్నమాట.

మళ్లీ వెనక్కి. లాడ్జీ దాటి, మిల్లు దాటి, పైన వంపు దగ్గర దొరికారు. పడవ ముక్కు చెట్ల వేళ్లలో ఇరుక్కుని ఉంది. ఆయన మధ్యలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. రెండు తెడ్లూ పడవలో పొడిగా ఉన్నాయి. నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి వెళ్లి, ఆయన భుజం మీద పిడికిలితో గుద్దాను, ఎన్నిసార్లో లెక్క లేదు. కొట్టనిచ్చారు. తర్వాత ఒకే మాట అన్నారు.

"కిందికి తీసుకుపోతుందనుకున్నానే."

తెడ్లు ఎందుకు తడవలేదని నేను అడగలేదు, అడిగితే చెప్పేస్తారని భయం. మీ అక్కకు ఉత్తరాలు రాస్తున్నావు కదా, ఈసారి నేను రాస్తానని ఇందాక అన్నారు. ఏం రాస్తారో నాకు తెలియదు. ఆయన ఉత్తరం నీకు చేరాక, అందులోది నాకు చెప్పాలో వద్దో నువ్వే ఆలోచించు.

నీ చెల్లి

*

వదినగారికి నమస్కారం.

నేను మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. పెళ్లిలో మీ కోడిగుడ్డంత కళ్లకు భయపడ్డాను, ఆ భయం ఇంకా పోలేదు. అందుకే మీకైతే నిజం రాయగలననిపించింది.

సముద్రం పక్కన గదులన్నీ నిండిపోయాయని మీ చెల్లెలు చెప్పినప్పుడు, అక్కడ ఒక గది అప్పటికే నా పేరున ఉంది. ఒక్కడికే. వారం ముందే ఫోన్ చేసి మాట్లాడి పెట్టుకున్నాను. గదులు చాలా ఖాళీగా ఉన్నాయని వాళ్లే చెప్పారు. అందుకని ఆమె అబద్ధం ఆడుతోందని ఆ క్షణమే తెలిసింది. ఎందుకు ఆడుతోందో కూడా తెలిసింది. నేను దాచుకున్నది ఒక మనిషికి తెలిసిపోయిందని ప్రాణం కాస్త తేలికపడింది. అందుకే సరేనన్నాను. తలనొప్పులూ, కడుపునొప్పులూ, ఊడిన గడియా, అన్నీ తెలుసు. రోజూ బస్సు సంగతి అడిగింది ఆమె ఏదో ఒకటి చెప్పి ఆపుతుందనే.

నిన్న ఆమె నిద్రపోయింది. ఆపేవాళ్లు లేరు. తాడు విప్పి, తెడ్లు ముట్టుకోకుండా కూర్చున్నాను. ఏరు తన దారిన తాను సముద్రానికి చేరుస్తుంది, నేను చెయ్యాల్సింది ఏమీ లేదనుకున్నాను. ఇరవై ఆరేళ్లు నీళ్లకు కాపలా కాసినవాణ్ణి, నీళ్లు ఎటు పోతాయో ఒకర్ని అడగాలని తోచలేదు. పడవ కదిలాక కూడా చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నాను. తెరిచేసరికి చుట్టూ అడవి. చచ్చేంత సిగ్గేసింది వదినగారూ. ఆ తర్వాత భయం వేసింది. ఎనిమిది నెలలుగా నాకు దేనికీ భయం వెయ్యలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రోజు తిరుగు ఈల వినబడలేదు. రోజూ వచ్చేది కదా, వచ్చే ఉంటుందనుకుని చక్రం తిప్పాను. వినబడిందని విచారణలో చెప్పాను. గ్రీజు భార్య నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఈల వేశాక మా ఆయనే త్వరపడి మళ్లీ కిందికి దిగి ఉంటాడని ఆమె ఇప్పటికీ అతన్నే తప్పుపడుతోంది. ఎల్లుండి ఇంటికి వస్తున్నాం. ముందు ఆమె దగ్గరికి వెళ్తాను, తర్వాత ఆఫీసుకు. ఉద్యోగం పోవచ్చు, జైలూ కావచ్చు. మీరు వచ్చి కొన్నాళ్లు మీ చెల్లెలి దగ్గర ఉండాలి. నా దగ్గర కూడా.

ఇక్కడిదాకా రాసి మీ చెల్లెలి చేతిలో పెట్టాను. మీకంటే ముందు ఆమె చదవాలనిపించింది. మంచం అంచున కూర్చుని రెండుసార్లు చదివింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆ గది వద్దని చెప్పేశారా అని అడిగింది. లేదన్నాను. నన్ను కిందికి తీసుకెళ్లి, లాడ్జీ పెద్దావిడ ఫోన్ అడిగి నా చేతికిచ్చి పక్కనే నిలబడింది. గది వద్దని చెప్పాను. అటువైపు మనిషి మర్యాదస్తుడు, మరోసారి తప్పకుండా రండి సార్ అన్నాడు. మీ చెల్లెలు నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, వస్తే ఇద్దరం వస్తామని చెప్పి పెట్టేసింది.

మీ మరిది