బద్‌లా అంటే బదులు

విశాఖపట్నం
ఆదివారం

ప్రియమైన వైకుంఠానికి,

ఫోన్ చేస్తే ఎత్తవు. వేసవి నుంచీ ఇదే వరస. మీవాడు వరుణ్‌ని అడిగితే "బాపు ఫోన్ వద్దంటున్నడు అంకుల్, ఉత్తరం రాయమన్నడు" అన్నాడు. ఈ కాలంలో ఉత్తరాలేమిట్రా, నువ్వేమైనా నవాబువా? సరే, నీ మాట కాదనడం నాకెప్పుడు చేతనైంది గనక! పోస్టాఫీసులో కవర్లు అడిగితే కౌంటర్లో అమ్మాయి నన్ను వింతగా చూసింది.

అసలు సంగతి చెప్తాను. నిన్న ఆ హిందీ సినిమా 'రాగికత్తి' రెండో భాగం చూశాను. ఒక్కణ్ణే వెళ్లాను. ఈ అపార్ట్‌మెంట్‌లో నా వయసువాళ్లంతా పురాణ కాలక్షేపానికి రమ్మంటారు గానీ, కత్తుల సినిమాకి ఎవడొస్తాడు? మొదటి భాగం మనిద్దరం కలిసి చూసిందే, నేను రిటైరై మీ ఊళ్లో కంచన్‌బాగ్ క్వార్టరు ఖాళీ చేసే ముందు వారం. గుర్తుందా? వాన నీలంగా, నెత్తురు నల్లగా చూపించాడు. ఆ పిల్ల తన తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నవాళ్లను ఒక్కొక్కణ్ణే నరుక్కుంటూ పోతుంటే నువ్వు కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టావు. వెనకాలవాళ్లు "చాచా, బైఠో!" అని లొల్లి చేశారు.

రెండో భాగం బ్రహ్మాండంగా ఉందిరా. కత్తులు తక్కువ, మాటలు ఎక్కువ, కానీ ఏం మాటలు! ఆ పిల్లా, ముసలి విలనూ ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకుంటుంటే ఒళ్లు జలదరించింది. అలవాటు కొద్దీ నీకు చెబుదామని పక్కకు తిరిగాను. పక్క సీట్లో ఎవరిదో హెల్మెట్ ఉంది.

ఉద్యోగానికి మీ ఊరు కొత్తగా వచ్చినప్పుడు నాకు హిందీ ముక్క రాదు, ఉర్దూ అసలే రాదు. నువ్వే చెవిలో తెలుగు చేసి చెప్పేవాడివి. మొదటి సినిమాకే "బద్‌లా అంటే బదులు" అన్నావు. మా వైపు బదులంటే అప్పు కూడానయ్యా మహానుభావా! హీరో "బద్‌లా లేంగే" అని అరిచినప్పుడల్లా, విలన్ దగ్గర చేబదులు తీసుకోవడానికి వీడు ఇంత గొంతు చించుకోవాలా అని బుర్ర గోక్కున్నాను. పగ అని తెలిసేసరికి సినిమా అయిపోయింది.

నువ్వు చూశావా? ఎలా ఉందో రాయి.

నీ
భాస్కరరావు


పత్తర్‌గట్టి
శుక్రవారం

భాస్కర్ భాయ్‌కి వైకుంఠం సలాములు.

నీ కవరు అందింది. మస్తు ఖుషీ అయిన. ఫోన్ ఖరాబైంది, బాగు చేయించుడు నాకు ఇష్టం లేదు. వరుణ్ ఫోన్ల టైపు చేద్దామంటే తెలుగు అక్షరాలు దొరకయి. గందుకే రాయమన్న. ఇంకేం ఫికర్ లేదు.

నేను గూడ చూసిన. ఒక్కన్నే పోయిన. భాయ్, నీకు దిమాగ్ గిన ఖరాబైందా? అది సినిమానా! మొదటి దాంట్ల కత్తి మాట్లాడింది. గీ దాంట్ల ఉత్తగ నోర్లు ఆడుతున్నయి. ఇద్దరు కూసున్నరు, చాయ్ తాగుతున్నరు, నోరు ఆడిస్తున్నరు. మల్ల పోసుకున్నరు, మల్ల తాగుతున్నరు. మా ఇత్తడి సామాన్ల అసోసియేషన్ మీటింగు గూడ గింతకన్న మంచిగుంటది. నిద్రొచ్చింది నాకు. పక్కోడు తట్టి లేపిండు.

దుకాణం వరుణ్ చూస్తున్నడు. ఎవరో గిన్నె అడిగితే నేను చెంబు ఇచ్చిన్నట. గిరాకీ జోలికి పోకు బాపూ, గల్లా కాడ ఊరికె కూసో అన్నడు. కూసుంటున్న. మా పక్క దుకాణంల మిఠాయిల మీదికి వెండి వరఖ్ కొడుతుంటే ఆ సుత్తెల మోతకు నువ్వు చెవులు మూసుకుంటుంటివి గదా. ఇప్పుడొస్తే హాయిగ కూసుంటవు. ఆ మోతే లేదు, గల్లీ అంత సల్లగ అయిపోయింది. నాకైతే మంచిగ అనిపిస్తలేదు.

ఇగ ఫోన్ చెయ్యకు. రాయి.

నీ
వైకుంఠం


విశాఖపట్నం
గురువారం

వైకుంఠం,

ఈసారి ప్రియమైన అని రాయలేదు, గమనించు. కోపంగా ఉన్నాను.

సినిమా నచ్చకపోతే పోయింది. కానీ ఆ మాటలు ఉత్త నోర్లు ఆడించడమా? నా చెవిలో ఒక్కో మాటకీ అర్థం విడమరిచి చెప్పిన మనిషివేనా నువ్వు? సరే, టీ తాగడం వదిలెయ్. చివర ఆ మూసిన తలుపు దగ్గర సీను? అక్కడ హాలంతా ఊపిరి బిగబట్టింది. అది చూసి కూడా నీ గుండె కరగలేదంటే నువ్వు మారిపోయావని అనుకోవాలి.

మారావు కూడా. నిన్న మనసు ఆగక వరుణ్‌కి ఫోన్ చేశాను. ఆ సుత్తెల మోతలో వాడి మాట నాకు సగం వినపడలేదు. "బాపు దుకాణంల లేడు అంకుల్" అన్నాడు. ఆ వెనకే నీ గొంతు! ఎవరికో చాయ్ చెబుతూ గల్లీ ఎగిరిపోయేట్టు అరుస్తున్నావు. పక్కనే ఉండి లేడనిపిస్తావా?

నా మాట వినడం ఇష్టం లేకపోతే ఆ ముక్క నువ్వే రాయి. నేను భరిస్తాను. ఇక్కడ నాకు పలకరించే మనిషి లేడు. ఆదివారం పొద్దున నీతో మాట్లాడటం కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ణి. ఇప్పుడు ఆ టైముకి బాల్కనీలో కూర్చుని ఉత్తినే సముద్రం వైపు చూస్తున్నాను. నీ నుంచి సరైన జవాబు రాకపోతే ఇదే నా ఆఖరి ఉత్తరం.

భాస్కరరావు


పత్తర్‌గట్టి
మంగళవారం

ప్రియమైన భాస్కర్ భాయ్,

నువ్వు రాయలేదని నేను రాస్తున్న, ప్రియమైన అని. ఆఖరి ఉత్తరం గిట్ల అనకు. నీతోని మాట్లాడుడు ఇష్టం లేకపోవుడు ఏంది? నీ కవరొచ్చిన దినం నేను రెండు రొట్టెలు ఎక్కువ తింటున్న. ఇంట్ల అందరు కూసొని నవ్వుతరు. నేను గూడ నవ్వుతా. ఎందుకు నవ్విన్నో నాకే తెల్వదు.

నువ్వు చెప్పినవని ఆ సినిమాకు మల్ల పోయిన, ఉత్త తలుపు సీను కోసమే. కండ్లు పెద్దగ చేసుకొని చూసిన. ఆ పిల్ల కత్తి ఎత్తింది. ముసలోడు తల వంచిండు. ఎనక మూసిన తలుపున్నది. అది తెరుచుకోలేదు, ఎవరు రాలేదు, ఏం జరగలేదు. ఆ పిల్ల గట్లనే నిలబడి తలుపు దిక్కు చూసింది, ఏడ్సింది, కత్తి కింద పెట్టింది. ఖతం. నా ముందల కూసున్న బుర్ఖా ఆమె గూడ కండ్లు తుడుసుకుంది. నేనొక్కన్నే బేకూఫ్ లెక్క అటు ఇటు చూసిన.

ఎందుకు భాయ్? గింత దూరమొచ్చి బద్‌లా ఎందుకు ఇడిసిపెట్టింది? ఆ తలుపు కాడ ఏమున్నది? నువ్వే చెప్పాలె నాకు. ఇంకెవరిని అడుగుతా?

నీ
వైకుంఠం


విశాఖపట్నం
శనివారం

ప్రియమైన, ప్రియమైన నా వైకుంఠానికి,

నిన్న నీ ఉత్తరం అందింది. చదవగానే వరుణ్‌కి ఫోన్ చేసి ఒక్కటే అడిగాను. "బాపు ఒట్టు పెట్టించుకున్నడు అంకుల్, నీకు చెప్పొద్దని" అని వాడు ఏడ్చాడు. వాణ్ణి ఏమీ అనకు. వాడు చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

ఆ తలుపు వెనక ఏముందో చెప్తాను. ఈల ఉందిరా. మొదటి భాగంలో ఆ పిల్ల తమ్ముడు పొలంలో వేస్తాడే, అదే ఈల. వాడు చచ్చిపోలేదు. ఆ ముసలాడే దాచి పెంచాడు. తలుపు వెనక ఆడుకుంటూ వాడు ఈల వేస్తాడు. తెర మీద ఏమీ కనపడదు. వినపడుతుంది, అంతే. అందుకే కత్తి దించింది.

వరఖ్ సుత్తెలు ఆగలేదు వైకుంఠం. నిన్న కూడా ఫోన్‌లో విన్నాను, టకటకా మోగుతూనే ఉన్నాయి.

నాకెందుకు చెప్పలేదురా? నీ చెవులు పోతే నేను నిన్ను వదిలి పోతాననుకున్నావా? నువ్వు ఆ గల్లా దగ్గర ఒక్కడివీ అలా కూర్చుని ఉంటే, నేనిక్కడ నీ మీద అలిగాను. సిగ్గుగా ఉంది, ఏడుపూ వస్తోంది.

రాత్రి రైలుకి బయల్దేరుతున్నాను, ఈ ఉత్తరం నీకు చేరేలోపు నేనే వచ్చేస్తానేమో. నయాపూల్ అవతల ఎవరో మంచి చెవి డాక్టరు ఉన్నాడట, ముందు అక్కడికి. గొణిగావంటే ఊరుకోను. తర్వాత సినిమాకి. ఇంకా ఒక ఆట ఉందని వరుణ్ చెప్పాడు. వరుణ్ నీకు పలక మీద రాసి చూపిస్తాడటగా, చీకట్లో అది కనపడదు కాబట్టి నీ అరచేతిలో వేలితో రాస్తాను, ప్రతి మాటా. నా హిందీ సంగతి నీకు తెలుసు, తప్పులు రాస్తాను. అయినా నమ్మాలి. నేను నిన్ను నమ్మి ఒక సినిమా అంతా చేబదులనుకుంటూ చూడలేదా? ఆ ఈల వచ్చినప్పుడు మాత్రం రాయను, నీ చెయ్యి గట్టిగా పట్టుకుంటాను. అప్పుడు నీకు తెలుస్తుంది.

నా చెవిలో నువ్వు చెప్పిన సినిమాలన్నిటికీ ఇదే నా బద్‌లా.

దీనికి బదులు రాయకు. నేనే వస్తున్నాను.

నీ
భాస్కర్ భాయ్