నూట పన్నెండో పేజీలో సుద్ద మరక

ఏమండీ, కొట్టు కట్టేసి రాగానే కూర వెచ్చబెట్టుకు తినండి. ఇస్త్రీపెట్టె ముట్టుకోకండి, షాకు కొడుతోంది.

నా నవల బల్ల మీదే ఉంది. నేను చదివినంత వరకూ గుర్తుగా పెట్టిన తలపిన్ను దాటి మీరు చదవకూడదని కదా మన ఒప్పందం! దాటారు. పొద్దున నేను నూట పన్నెండో పేజీకి వచ్చేసరికి మీ కుట్టు సుద్ద మరక, నీలంగా, వేలిముద్రతో సహా కనిపించింది. సరిగ్గా ఈ మాటల పక్కన:

"ఆస్పత్రి కాగితం జేబులో దాచుకున్నవాడు ఆ వారమంతా ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వాడు. పెళ్ళాం మురిసిపోయింది."

ఎంత బాగా రాశాడో మీకు చదివి వినిపిద్దామనుకున్నాను. మరక చూశాక తర్వాతి పేజీలన్నీ తిరగేశాను, ఎక్కడా సుద్ద లేదు. పుస్తకం పట్టుకుంటే వదలని మనిషి అక్కడే ఎందుకు ఆగిపోయారు? సోమవారం నుంచి అయినదానికీ కానిదానికీ నవ్వుతున్నారు కూడాను. నేనేం మురిసిపోలేదు లెండి.

మీ చొక్కాలు నానబెట్టలేదు. జేబులు తడమలేదు. ఉన్నదేదో నేను వచ్చేసరికి మీరే తీసి బల్ల మీద పెట్టండి.

ముగింపు నేనూ చదవలేదు. పిన్ను తీసేశాను. ఇక కలిసే చదువుదాం.