ఇరవై ఒక్క కార్డుల పొట్లం

నూజివీడు,
16 నవంబరు 1986.

చిరంజీవి చెల్లెలు ఇన్నాసమ్మకు నీ అక్క సవరమ్మ దీవించి రాయునది.

సర్వేశ్వరుని దయవల్ల ఇక్కడ అమ్మ, మీ బావ, పిల్లలు, నేను అందరం కులాసా. ఇటలీ చలిలో నువ్వూ, మఠంలో నీ తోటి సిస్టర్లూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఉన్ని మేజోళ్లు వేసుకోవడానికి బద్ధకించకు.

నీ సెప్టెంబరు ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. మూడింటికి ముందు జవాబు చెప్తాను. నాలుగోదానికి కొంచెం ఓపిక పట్టు.

అమ్మ బాగుంది. మార్చిలో వచ్చిన టైఫాయిడ్‌కి ఊడిన జుట్టంతా మళ్లీ వచ్చింది, అదీ నల్లగా వచ్చిందని వీధిలో అందరికీ చూపించుకుంటోంది. పాలవాడితో రోజూ పేచీ పెట్టుకుంటోందంటే ఒంట్లో సత్తువ వచ్చినట్టే కదా. నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకుని దిండు కింద పెట్టుకుంది.

బావి పక్క చిన్నరసం మామిడి చెట్టు పడిపోయిందని ఎవరు చెప్పారో కానీ అది అబద్ధం. మే నెల గాలివానకి ఉత్తరపు కొమ్మ ఒకటి విరిగింది, అంతే. మీ బావ చిన్నరాయప్పగారు ఈసారి ఆగిరిపల్లి దగ్గర పెద్ద తోట కాపు గుత్తకి తీసుకున్నారు. పూత రాకముందే బేరం ఖాయం చేశారు. నేను గొణిగితే, "చెట్టు మొహం చూస్తే తెలుస్తుందిలే" అన్నారు. చెట్ల మొహాలు చదవడంలో ఆయన ఇంతవరకు తప్పలేదు కనుక ఊరుకున్నాను.

ఇక మూడోది, క్రిస్మస్ కార్డులు. "ఈ ఏడు కూడా అలాగే పంపిస్తారా అక్కా, ముందుగా తెలియజెయ్యి" అని ఒక్క వాక్యం రాశావు. ఆ వాక్యం వెనక ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

కిందటేడు ఏం జరిగిందో నీకు కొంతే తెలుసు. మన గుడి విచారణ ఊళ్లనుంచి పై దేశాలకి వెళ్లినవాళ్లకి కార్డులు పంపాలని ఆడవాళ్లందరికీ ఆశ. ముసునూరు సవరయ్యగారి అబ్బాయి ఫాదర్ అవడానికి రోములో గురువిద్య చదువుతున్నాడు, జర్మనీలో నర్సులు ఉన్నారు, మఠాల్లో మన పిల్లలు ఉన్నారు. మొత్తం ఇరవై ఒక్క కార్డులు తేలాయి. విమానం టపాలో పంపితే ఒక్కో కవరుకి ఆడమనిషి తోటలో రోజంతా వంగి కలుపు తీస్తే వచ్చే కూలికి దగ్గరగా అవుతుంది. అది విని సగం మంది కార్డులు చేతిలో పట్టుకుని వెనక్కి తగ్గారు. అప్పుడు లెక్కల టీచరునైన నేను లేచి, నాకో ఉపాయం ఉందన్నాను.

అన్నీ ఒకే పొట్లం కట్టి, అచ్చుకాగితాల రేటు కింద ఓడ టపాలో నీకు పంపేస్తే చాలా తక్కువలో అయిపోతుంది. అక్కడ నువ్వు ఎవరి కవరుకి వాళ్ల చిరునామా ప్రకారం స్టాంపు అతికించి డబ్బాలో వేస్తావు. పోస్టుమాస్టరు వీరభద్రరావుగారు కూడా, "పొట్లంగా అయితే చౌకేనమ్మా, అయితే అక్కడ స్టాంపులు ఎవరు కొంటారు?" అని అడిగారు. "మా చెల్లెలు ఉందిగా అండీ" అన్నాను. దసరా సెలవుల్లోనే పొట్లం వెళ్లిపోయింది. ఆదివారం పూజ అయ్యాక అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు బాగా రుచించింది, దాచడమెందుకు.

పండక్కి అందరికీ కార్డులు అందాయి. కానీ నీ దగ్గరనుంచి జనవరిలో ఉత్తరం లేదు, ఫిబ్రవరిలో లేదు. అమ్మకి జ్వరం వచ్చిందని మార్చిలో రాశాను. జవాబు రాలేదు. అమ్మ మగతలో నీ పేరు కలవరిస్తుంటే, పోస్టుమాన్ వచ్చే వేళకి నేను గుమ్మంలో నిలబడేదాన్ని. ఏప్రిల్ పోయింది, మే పోయింది. నా కోపం నీకు తెలుసు కదా, పాలు పొంగినట్టు వస్తుంది, పొయ్యి ఆరిపోయేదాకా తగ్గదు.

ఆగస్టులో నీ ఉత్తరం వచ్చింది. పనుల ఒత్తిడివల్ల రాయలేకపోయానని రెండు ముక్కలు రాసి, మిగతా అంతా అమ్మ గురించే అడిగావు. నేను ఆ రెండు ముక్కలూ నమ్మలేదు. అయినా ఉత్తరం వచ్చింది కదా అని మనసు కుదుటపరుచుకున్నాను.

పోయిన నెల చాట్రాయి సిస్టర్ రీతమ్మ సెలవు మీద వచ్చి మనింటికి వచ్చింది. నీతోపాటు అదే మఠంలో ఉంటుంది కనుక అమ్మ ఆమెని చుట్టుకుపోయింది. కాఫీ ఇస్తూ నేను ఎకసెక్కంగా అన్నాను: "ఏడు నెలలు ఒక్క ఉత్తరం రాయలేదు సిస్టర్. మీ మఠంలో కాగితాలు కరువా ఏంటి?"

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "కాగితాలు కాదక్కా, స్టాంపులు. మా చేతిలో పైసా ఉండదు, మీకు తెలీదా? ఇంటికి ఉత్తరం రాసుకోమని నెలకి ఒక్క స్టాంపు ఇస్తారు. మీరు పంపిన కార్డుల కోసం ఇన్నాసమ్మ ఏడు నెలల స్టాంపులు ముందే అడిగి తీసుకుంది. ఒక్క నెల స్టాంపు ఖరీదుకి ఆ దేశాల మధ్య మూడు కార్డులు వెళ్తాయి."

నాకు అక్కడే లెక్క తేలింది. మూడు ఏడులు ఇరవై ఒకటి. మూడో తరగతి పిల్లలు చెప్పే లెక్క.

"మరి ఒక్క మాట నాకు రాస్తే ఏం?" అన్నాను.

"రాయడానికి స్టాంపేది అక్కా? మార్చిలో అమ్మ జ్వరం సంగతి తెలిసి రెండు రోజులు అన్నం తినలేదు. మఠం పెద్ద మదర్‌గారిని మళ్లీ అడగమంటే, 'ముందే వాడేసుకున్నాను, ఇంకేం మొహం పెట్టుకుని అడగను' అంది. ఆగస్టులో స్టాంపు చేతికొస్తే అదే రోజు రాసింది."

ఆమె వెళ్లాక నేను పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. పేదరికంలోనే బతుకుతానని దేవుడి ముందు మాటపట్టు తీసుకున్న పిల్ల నెత్తిన ఇరవై ఒక్క స్టాంపుల ఖర్చు పెట్టిన అక్కని నేను. నువ్వు మాటపట్టు తీసుకున్న రోజున ముందు వరసలో కూర్చుని ఆ మాటలన్నీ విన్నాను. విదేశం అనగానే నీ చేతినిండా డబ్బు ఉంటుందని ఎలా అనుకున్నానో నాకే అర్థం కావడం లేదు. ఊళ్లో ఒక్కరికీ తట్టలేదు ఆ సంగతి, అది వేరే విషయం.

చెల్లీ, ఇక నీ నాలుగో ప్రశ్న. సెప్టెంబరులో జరగాల్సిన నీ శాశ్వత మాటపట్టు ఆగిపోయింది. ఇంటినుంచి ఎవరో మదర్‌గారికి నీ మీద ఫిర్యాదు రాశారనీ, ఇంటివాళ్ల మనసు తేలేదాకా ఆగుదామని ఆమె అన్నారనీ రాశావు. నిన్ను మఠానికి పంపొద్దంటూ అప్పట్లో గొడవ చేసిన అన్నమ్మత్తే రాసి ఉంటుందని అనుమానపడి, అవునా అని అడిగావు.

అత్త నోరు పెద్దదే కానీ ఆ పని అత్తది కాదు. ఆ ఉత్తరం రాసింది నేను.

జూన్ రెండోవారంలో, బళ్లు తెరిచిన రోజుల్లో రాశాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో, మంచి కాగితం మీద రాశాను. కన్నతల్లి చావుబతుకుల్లో ఉంటే పలకరించని పిల్ల రోగులకి ఏం సేవ చేస్తుంది, ఆమెకి జీవితాంతపు మాటపట్టు ఇచ్చేముందు ఆలోచించండి అని రాశాను. ఆ ఒక్క కవరుకి మాత్రం విమానం స్టాంపు పూర్తిగా అతికించాను. పోస్టులో వేసి ఇంటికొచ్చేసరికే తప్పు చేశానని తెలుసు. ఆగస్టులో నీ ఉత్తరం వచ్చాక మదర్‌గారికి మళ్లీ రాసి ఉండాల్సింది. రాయలేదు. ఆమె పట్టించుకోరులే అని నాకు నేనే చెప్పుకున్నాను. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తాను, అది నీ మెడ మీద పడింది.

మీ బావకి చెప్పాను. "నాతో చెప్పావు సరే, చెప్పాల్సినవాళ్లకి చెప్పావా?" అన్నారు. అమ్మకి కూడా చెప్పాను. అమ్మ రెండు రోజులు నా చేతి అన్నం తినలేదు. మూడో రోజు పిలిచి, "దానికి రాసెయ్యి, దాచకు. అది మెత్తంది కాదు, తట్టుకుంటుంది" అంది.

నేను చేసినవన్నీ చెప్తాను, విను. మదర్‌గారికి జరిగినదంతా రాసి, ఫాదర్‌గారికి చదివి వినిపించి, ఆయన సంతకం కూడా పెట్టించి మొన్న రిజిస్టరు చేశాను. ఇంటివాళ్ల మనసు ఏంటో ఇప్పుడు ఆమెకి స్పష్టంగా తెలుస్తుంది. మా చెల్లెలు మీ మఠానికి పూర్తిగా తగినదని, తగనిది నా తొందరపాటేనని రాశాను. అమ్మ దాని అడుగున వేలిముద్ర వేసింది. అన్నమ్మత్త దగ్గరకి వెళ్లి, నీ అనుమానం సంగతి చెప్పి, ఆమెకి కూడా క్షమాపణ చెప్పుకున్నాను. "నీకంటే నేనే నయమన్నమాట" అని వారం రోజులుగా అందరికీ చెప్పుకుంటోంది. చెప్పుకోనీ.

పోయిన ఆదివారం పూజయ్యాక గుడి అరుగు మీద నిలబడి ఆడవాళ్లందరికీ పొట్లం సంగతి చెప్పాను. ఈ ఏడు ఎవరి కార్డు వాళ్లే పంపుకుంటున్నారు. స్తోమత లేనివాళ్ల తరఫున క్రిస్మస్ పూజలో ఫాదర్‌గారు పేర్లు చదువుతానన్నారు.

వీరభద్రరావుగారిని అడిగితే రిప్లై కూపను అని ఒకటి ఉందని చెప్పారు. ఇక్కడ కొని పంపితే, అక్కడి పోస్టాఫీసులో ఇచ్చి ఇండియాకి ఉత్తరం స్టాంపు తీసుకోవచ్చట. బెజవాడ పెద్ద పోస్టాఫీసుకి వెళ్లి పన్నెండు కొన్నాను. ఈ పండక్కి నాకు చీర వద్దన్నాను, మీ బావ సరేనన్నారు. మళ్లీ అతితెలివికి పోయి నిన్ను ఇరుకున పెట్టకూడదని, అవి నువ్వు ఉంచుకోవడానికి ఆ రిజిస్టరు ఉత్తరంలోనే మదర్‌గారిని అనుమతి అడిగాను. పన్నెండూ ఈ కవరులోనే ఉన్నాయి.

ఫిబ్రవరిలో వచ్చే కొవ్వొత్తుల పండుగనాటికి నీ మాటపట్టు జరుగుతుందని నాకు గట్టి నమ్మకం. నిజం చేరాక ఆపే కారణం ఏముంటుంది? ఆ విషయంలో నాకు బెంగ లేదు.

బెంగల్లా నీ గురించే. నువ్వు నన్ను క్షమించానని వెంటనే రాసేస్తావు, నీ అలవాటు నాకు తెలుసు. అలా రాయకు. మొదటి కూపనుతో నన్ను తిట్టు. రెండోదానితో కూడా కోపం తీరకపోతే ఇంకోసారి తిట్టు. పన్నెండు నెలలూ తిట్టినా ప్రతి ఉత్తరం అమ్మకి పైకి చదివి వినిపిస్తాను. మళ్లీ ఏడు నెలలు మాట్లాడకుండా మాత్రం ఉండకు చెల్లీ.

ఇట్లు,
గుమ్మంలో పోస్టుమాన్ కోసం నిలబడే
నీ అక్క
సవరమ్మ