రెండో రోజు కోసం

జులై 14, సోమవారం

నూట పదో రోజు. ఇంకా రాలేదు.

పొద్దున్నే మళ్ళీ ఆ ప్రెగ్నెన్సీ పరీక్ష. ఒకటే గీత. తలుపు తీసేసరికి అత్త ఎదురుగానే ఉంది. "ఏమీ లేదా తల్లీ?" అంది. లేదన్నాను. ముఖం చిన్నబోయింది. నెల దాటిన ప్రతిసారీ ఆమె ఆశ పెట్టుకుంటుంది, ప్రతిసారీ దాని మీద నేనే నీళ్ళు చల్లాలి. నాది నెల తప్పడం కాదు మహాప్రభో, నెలే రాకపోవడం. ఎన్నిసార్లు చెప్పాలి!

జులై 16

పార్లర్. కనుబొమలకని కూర్చుంటే ఆ అమ్మాయి గొంతెత్తి — "అక్కా, గడ్డం కూడా తీసేదా?"

నాలుగు కుర్చీలూ ఇటు తిరిగాయి. తీయమన్నాను. ఏం చేయను...

జులై 19, శనివారం

మూడో డాక్టర్. మొదటాయన నన్ను ఎగాదిగా చూసి బరువు తగ్గమన్నాడు, కాగితాలు తెరవనే లేదు. రెండో ఆమె, పిల్లలు పుడితే అన్నీ అవే సర్దుకుంటాయంది. పిల్లలు పుట్టాలంటే ముందు ఇది సర్దుకోవాలి కదా తల్లీ!

ఈమె మాత్రం అడిగింది. ఎన్నేళ్ళ నుంచి, నిద్ర ఎంత, జుట్టు ఎక్కడ రాలుతోంది, ఎక్కడ మొలుస్తోంది. స్కాన్ చూసి పీసీఓఎస్ లాగే ఉందంది, అండాశయాల్లో నీటి బుడగలట. కానీ ఊహించి మందులు ఇవ్వదట. థైరాయిడ్ ఎంత, ఇన్సులిన్ ఎంత, మిగతా హార్మోన్లు ఎంత... అన్నీ రక్తంలో చూడాలట. ఆ రక్తం నెలసరి రెండో రోజు, పరగడుపున తీయాలట.

నెలసరే రానిదాన్ని, రెండో రోజు ఎక్కణ్ణుంచి తేను? అదే అడిగాను. నవ్వి, పది రోజులకు మాత్ర రాసింది. కోర్సు ముగించి ఆపేస్తే వారం పది రోజుల్లో వస్తుందట. వచ్చిన మర్నాడే ల్యాబ్‌కి వెళ్ళాలి.

అత్త పక్కనే కూర్చుని అంతా వింది. ఆటోలో వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. నా కోసమే అనుకున్నాను.

జులై 20

మొదటి మాత్ర.

జులై 22

నడక. కాడుగోడి మార్కెట్ దాకా వెళ్ళి రావడంలో సగం నడక, సగం తప్పించుకోవడం — బైకులు, గుంతలు, కొత్తిమీర బండ్లు. తర్వాత బ్రూక్‌ఫీల్డ్ ఆఫీసులో తొమ్మిది గంటలు కుర్చీకి అతుక్కుని. పైగా ఎవరిదో పుట్టినరోజు కేకు. వద్దంటే "ఒక్క ముక్కకి ఏమవుతుంది?" అంటారు. తింటే "అందుకే తగ్గట్లేదు" అంటారు. వీళ్ళ నోళ్ళు పడ.

ఇంటికొస్తే రాగి ముద్ద, ఆకుకూర పప్పు. అడగకుండానే. పొద్దున లేచేసరికి మెంతుల నీళ్ళు. అత్త మంచిదే. చెడ్డదైతే నాకు ఇంత చిక్కు ఉండేది కాదు.

జులై 24, గురువారం

ఇప్పుడు తెలిసింది ఆటోలో లెక్క ఏమిటో.

"ఎనిమిదో తేదీ పండగుండాది. నీకు సరిగ్గా అప్పుడే వచ్చేటట్టుండాది" అంది. వరలక్ష్మీ వ్రతం. కొత్త ఫ్లాట్‌లో మొదటిది. పన్నెండు మందిని పేరంటానికి పిలిచేసింది. "ఆ మాత్ర ఆపద్దు తల్లీ. పండగ దాకా మింగతా ఉండు. మాకూ అదే ఇస్తావుండిరి."

బీరువాలోంచి షీటు తెచ్చి చూపించింది. అదే పేరు! ఆపితే వస్తుంది, మింగుతూ ఉంటే రాదు. రప్పించడానికి నాకిచ్చిన మాత్రనే ఈమె తనకు వస్తున్నన్నాళ్ళూ పండగలప్పుడు రాకుండా ఆపడానికి మింగుతూ వచ్చింది. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క వ్రతం తప్పలేదు. బహిష్టు ఆగిపోయి ఏళ్ళైనా షీటు మాత్రం కొనిపెట్టుకుంది, ఇంటికొచ్చే ఆడపిల్లల కోసమట.

నాకు టెస్టు ఉంది అత్తా, అన్నాను.

"నాలుగు నెల్లు రానిది ఇంగ నాలుగు దినాలు రాకపోతే ఏమప్పా?"

షీటు నా చేతిలో పెట్టి వెళ్ళింది. ఒళ్ళు మండిపోతోంది.

జులై 25

క్లినిక్‌కి ఫోన్ చేశాను. పొడిగించొచ్చట, ప్రమాదమేమీ లేదట. కానీ డాక్టరమ్మ పన్నెండో తేదీ నుంచి నెల రోజులు సెలవు. పండగ దాకా ఆపితే రిపోర్టులు చూసేది సెప్టెంబరులోనే. ఇంకో నెలన్నర ఇలాగే... ఈ ముఖం మీద మొటిమలు, ఈ జుట్టు, ఈ నీరసం, పొద్దున్నే ఆ ఒంటి గీత.

మా ఆయన సురేష్‌కి చెప్పాను. "ఒక్కసారికి అమ్మ మాట వినొచ్చుగా" అన్నాడు.

ఒక్కసారికి నా మాట వినొచ్చుగా, అన్నాను. ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

జులై 26

నేను బయట ఉంటే వ్రతం నువ్వే చేసుకోకూడదా అత్తా, అని అడిగాను. "ఇంట్లో ఆడమనిషి అట్లుంటే కలశం పెట్టేది లేదు. మా అత్త కాలం నుంచీ అంతే" అంది. కోపంగా కాదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

జులై 29

పదో మాత్ర.

"మాత్ర ఏసుకుంటివా?" వంటింట్లోంచి.

ఆఁ.

జులై 30

"మాత్ర ఏసుకుంటివా?"

ఆఁ.

వేసుకోలేదు. ఆమె ఇచ్చిన షీటులోంచి ఒకటి తీసి సింకులో వేసి నీళ్ళు వదిలాను. పెళ్ళయిన ఈ మూడేళ్ళలో ఆమెతో ఇదే మొదటి అబద్ధం. సిగ్గేసింది. వెంటనే సిగ్గుపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. నా ఒంటి గురించి నేనెందుకు దొంగలా ఉండాలి?

ఆగస్టు 2

లేదు.

ఆగస్టు 4

లేదు. మాత్రలకు కూడా రాకపోతే? రోజూ ఆడుతున్న అబద్ధం కూడా దండగేనా?

ఆగస్టు 5, మంగళవారం

ఇత్తడి సామాన్లన్నీ చింతపండు పెట్టి తోముతోంది అత్త. మోకాళ్ళ నొప్పులు ఉన్నా కిందే కూర్చుంది. పక్కనే కూర్చుని నేనూ తోమాను. పైఫ్లోర్ ఆవిడ వచ్చి కన్నడంలో ఏదో అడిగితే, "నమ్మ సొసె" అని నన్ను చూపించింది — మా కోడలు. ఎంత గర్వంగా అందో.

తర్వాత కవరు తీసింది. ఆకుపచ్చ చీర, కుట్టించిన జాకెట్టు. "కొంచెం లూజుగా కుట్టమని చెప్పినా. నీకు బిగుసుకోకుండా." నా బరువు గురించి ఇంతవరకూ ఒక్క మాట అనని మనిషి ఈమె ఒక్కతే. దర్జీకి మాత్రం చెప్పింది.

చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. "ఈసారి అమ్మవారికి చీర నువ్వే కట్టాల" అంది. మూసుకున్నాను.

ఆగస్టు 6

నడుము లాగుతోంది. వద్దు, ఆశ పెట్టుకోను.

ఆగస్టు 7, గురువారం

వచ్చింది.

ఆఫీసు బాత్రూములో, పదకొండింటికి. నూట ముప్పై నాలుగో రోజు. అక్కడే కూర్చుని ఏడ్చాను, సంతోషంతో. ఇలాంటి దానికి సంతోషపడతానని పదిహేనేళ్ళ వయసులో ఎవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని. ల్యాబ్‌కి ఫోన్ చేశాను. రేపు పొద్దున ఏడింటికి రమ్మన్నారు.

రేపే రెండో రోజు. రేపే వ్రతం!

ఇంటికొచ్చేసరికి గుమ్మానికి మామిడాకులు, వంటింట్లో ఓళిగలకు పూర్ణం వాసన. తలనొప్పి అని చెప్పి గదిలోకి వచ్చేశాను. కలశం మూలకు వెళ్ళలేదు. చెబితే ముప్పై ఒక్కేళ్ళలో మొదటిసారి వ్రతం ఆగిపోతుంది, నా వల్ల. చెప్పకుండా వెళ్ళి కూర్చుంటే... నాకు అంటూ ముట్టూ పట్టింపు లేదు. ఆమెకు ఉంది. ఆమెకు ఉన్న సంగతి నాకు తెలుసు.

ఆగస్టు 8, శుక్రవారం

ఆరున్నరకే బయటపడ్డాను, పూలు తెస్తానని. రక్తం ఇచ్చాను. నాలుగు గొట్టాలు. పూలు కూడా కొన్నాను.

తలుపు అత్తే తీసింది. తలస్నానం చేసి, పట్టుచీరలో ఉంది. పూల పొట్లం అందుకోబోయి ఆగింది. నా మోచేతి మడతలో దూది, దాని మీద తెల్ల ప్లాస్టరు. కుర్తా చెయ్యి పైకి మడిచింది మడిచినట్టే వచ్చేశాను.

చూసింది. డాక్టరు చెప్పిన రోజున పక్కనే ఉన్న మనిషి. వేళ్ళ మీద లెక్కపెట్టిన మనిషి. ఆమెకు వేరే చెప్పాలా?

అత్తా, అన్నాను.

నా కుర్తా చెయ్యి కిందికి లాగింది. ప్లాస్టరు కనబడకుండా సర్దింది. "పేరంటాండ్లు వచ్చే పొద్దాయె" అని పూల పొట్లం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నా ముఖం చూడలేదు.

గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆకుపచ్చ చీర మంచం మీద ఉంది. హాల్లో గాజుల చప్పుడు, ఎవరో వచ్చేశారు. దాచింది నన్నా, తన వ్రతాన్నా? ఎవరి కోసమైనా, దాచాల్సినంత తప్పు నేనేం చేశానని?

"రా తల్లీ, అమ్మవారికి చీర కట్టాల" అని పిలుస్తోంది. రెండోసారి. గొంతు మామూలుగానే ఉంది.

ఇంకా లేవలేదు.