చప్పుడు చేసే ఫ్యాను

7 ఆగస్టు 2025, గురువారం

ఈరోజు కూడా ఆట మధ్యలో స్క్రీన్ బిగుసుకుపోయింది. నేను గోడ చాటున భద్రంగా ఉన్నాననుకుంటుంటే ఎవడో వచ్చి కాల్చేసి వెళ్లిపోయాడు. నేను చచ్చిన సంగతి అందరికంటే ఆలస్యంగా నాకే తెలిసింది.

ఇరవై నాలుగున, ఆదివారం, అహ్మదాబాద్ గేమింగ్ అకాడమీ వాళ్ల ఆన్‌లైన్ ట్రయల్. సెలెక్ట్ అయితే హాస్టల్, ట్రైనింగ్, నెలనెలా స్టైపెండ్. కాకపోతే సెప్టెంబర్ నుంచి రింగ్ రోడ్డు మార్కెట్లో చీరల సేఠ్ దగ్గర బిల్లులు కొట్టాలి. బాపు ఆయనకు మాట ఇచ్చి వచ్చేశాడు. గెలిస్తే అహ్మదాబాద్ పో బిడ్డా, లేకుంటే సేఠ్ దగ్గరికి పో, గంతే అన్నాడు. అంతకంటే న్యాయంగా ఏ తండ్రి మాట్లాడతాడు? కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చేశాడు.

మా కంప్యూటర్ ఒక చీరల డిజైన్ ఆఫీసు వదిలించుకున్న సరుకు. పూలూ నెమళ్లూ గీయడానికి పనికొచ్చింది. ఈ ఆటకు దాని ప్రాణం చాలదు. ఏదో ఒకటి మార్చాల్సిందే.

9 ఆగస్టు, శనివారం

నూలు పున్నమి. బాపు పనిచేసే సాంచాల ఖాతాకు, అదే మరమగ్గాల కార్ఖానాకు, సెలవు. కొత్త జంజం వేసుకున్నాడు, అమ్మకూ నాకూ చేతికి దారం కట్టాడు, మిగిలిన ముక్క కంప్యూటర్ డబ్బాకు కట్టాడు. ఖాతాలో తను నడిపే సాంచాలకు ఏటా ఇలాగే కడతాడు. బువ్వ పెట్టేదానికి కట్టాలె అన్నాడు. ఇది ఇంకా పెట్టలేదు బాపూ అన్నాను. పెడ్తది, జర ఆగు అన్నాడు.

11 ఆగస్టు, సోమవారం

డబ్బాను ఒళ్లో పెట్టుకుని, ఆటోలో నది దాటి అడాజన్ వెళ్లాను. హితేశ్ భాయ్ కంప్యూటర్ షాపులో మూత విప్పగానే లోపల టిక్కీలు మెరిశాయి. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు అంటించేవి, ఎలా దూరాయో. ఇది గేమింగ్ పీసీయా, పెళ్లికూతురా అని నవ్వాడు.

తర్వాత నవ్వలేదు. నా ఆటకు గ్రాఫిక్స్ కార్డు కావాలన్నాడు. సెకండ్ హ్యాండ్‌ది ఒకటి ఉంది, వారంటీ లేదు. అయితే దానికి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ ముసలిదైపోయింది, ముందు అది మార్చు, కార్డు మెల్లగా కొనుక్కో అన్నాడు. దాని ఫ్యాను చప్పుడు విను, అది ఎంతో కాలం ఉండదు అని కూడా అన్నాడు.

మెల్లగా అట. నాకు ఎక్కడిది మెల్లగా?

అమ్మ టిక్కీలు అంటించి దాచినదీ, నేను చిన్నాచితకా టోర్నమెంట్లలో గెలిచినదీ కలిపితే ఒక్కదానికే వస్తుంది. రెండోది ఉద్దెరకు ఇమ్మని అడిగాను. అలవాటు లేదు బెహన్ అన్నాడు.

12 ఆగస్టు, మంగళవారం

కార్డా, ఎస్ఎంపీఎస్సా. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నానని అమ్మ తిట్టింది.

14 ఆగస్టు, గురువారం

కార్డు కొన్నాను.

ఎస్ఎంపీఎస్ కొంటే డబ్బా చల్లగా ఉంటుంది, నేను మాత్రం అదే గోడ చాటున చస్తుంటాను. హితేశ్ భాయ్ కార్డు బిగిస్తూ, ఎక్కువసేపు ఆడకు, దాని మీద బరువు పడుతుంది అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. అన్నింటికీ తలూపాను. నాకు కార్డు తప్ప ఏమీ కనిపించడం లేదు.

ఇంటికొచ్చి ఆడాను. ఎక్కడా ఆగలేదు. ఇన్నాళ్లూ బురదలో పరిగెత్తి, ఇవాళే రోడ్డెక్కినట్టు ఉంది. ఏడ్చేశాను. అమ్మ చీర మీద నుంచి తలెత్తి, గిప్పుడెందుకు ఏడుస్తున్నవ్ అని అడిగింది.

ఫ్యాను మోత మాత్రం రెట్టింపైంది.

18 ఆగస్టు, సోమవారం

ర్యాంకు పెరుగుతోంది. డబ్బా వెనక చేయి పెడితే కాలుతోంది. కాస్త మాడు వాసన కూడా వస్తోంది. కిటికీ తెరిచాను, అమ్మ కూర అనుకున్నాను.

ఈ వారం నుంచి బాపుకు నైట్ డ్యూటీ. పగలు ఇదే గదిలో పడుకోవాలి. అంత పెద్ద ఖాతాలో సాంచాల మోత నడుమ కునుకు తీసే మనిషికి ఈ ఒక్క ఫ్యానుతో నిద్ర పట్టడం లేదు. ఏంది బిడ్డా గా ఫ్యాను, నూనె ఎండిపోయినట్టు కూస్తున్నది అన్నాడు. నేను ఆటలో ఉన్నాను. అవును బాపూ, ఎండిపోయింది, పడుకో అన్నాను. ఏదో ఒకటి చెప్పి వదిలించుకోవాలి కదా. ఆయన కళ్లు మూసుకుని, పడుకోకుండా, వింటూనే ఉన్నాడు.

21 ఆగస్టు, గురువారం

దానంతట అదే ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఆదివారం దాకా ఆగవే తల్లీ, ఆ తర్వాత కాలిపోయినా అడగను అని దానికి దండం పెట్టాను. చేతిలో పైసా లేదు. తప్పు చేశాను. కాదు, చేయలేదు. ఆదివారం తెలుస్తుంది.

24 ఆగస్టు, ఆదివారం, ఉదయం 9

ట్రయల్ పన్నెండింటికి. బాపు డ్యూటీ నుంచి వచ్చి చాయ్ తాగుతున్నాడు. నేను డేటా రీచార్జ్‌కు వెళ్తున్నాను.

మధ్యాహ్నం 2

అయిపోయింది.

రీచార్జ్ షాపులో గుంపు. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి టైమ్ దగ్గర పడింది. నాకు అడ్డం కావద్దని బాపు పక్కింట్లో లక్ష్మీరాజం మామ దగ్గర పడుకోవడానికి వెళ్లాడట. స్విచ్ వేశాను. చప్పుడు లేదు. కొన్నప్పటి నుంచి మొదటిసారి, అసలు చప్పుడే లేదు. మంచి శకునం అనుకున్నాను.

మొదటి మ్యాచ్ గెలిచాను. రెండో దాంట్లో కూడా నేనే ముందున్నాను. వెనక నుంచి ఠప్పుమని శబ్దం. పొగ. నల్లటి స్క్రీన్‌లో నా మొహం.

అప్పుడు వచ్చింది ముక్కుకు, సాంచా నూనె వాసన. డబ్బా వెనక జాలీ అంతా తడి. కింద పొడవు ముక్కు నూనె డబ్బా. పొద్దుగాల మీ బాపు ఖాతా నుంచి నీ కోసమే తెచ్చిండు, పాపం నిద్ర ఆపుకొని చుక్క చుక్క పోసిండు అని అమ్మ చెప్పింది. చెబుతూ చెబుతూ నా మొహం చూసి ఆగిపోయింది.

సాయంత్రం 5

హితేశ్ భాయ్ ఆదివారం అయినా షాపు తెరిచాడు. ఎస్ఎంపీఎస్ పోయింది, పోతూ పోతూ కార్డును కూడా తీసుకుపోయింది. నూనె వల్లేనా అని అడిగాను. అవునంటే బాగుండునని మనసులో ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణానికి నా మీద నాకే అసహ్యం. ఆయన దూదితో తుడిచి చూసి, నూనె ఫ్యాను మీదే ఉంది, దాని వల్ల కాదు, కార్డు బరువుకే పేలింది, చెప్పానుగా అన్నాడు.

డబ్బా పేలిందని బాపుకు చెప్పొద్దని అమ్మతో ఒట్టు వేయించుకున్నాను. ఎవరేం చెప్పినా ఆయన తన నూనె వల్లే అనుకుంటాడు. ఇక ఏ సాంచాకూ నూనె పెట్టబోయినా చేయి ఆగుతుంది. నేను సేఠ్ దగ్గరికి పోతాను, ఫరవాలేదు.

ఫరవాలేదని రాశాను కానీ, ఉంది.

సాయంత్రం 6.30

రిజల్ట్ రేపు అని చెప్పాను. బాపు డ్యూటీకి పోతూ నూనె డబ్బా తీసుకుని గుమ్మంలో ఆగాడు. మోత పోయిందా బిడ్డా అన్నాడు.

పోయింది బాపూ అన్నాను.